మలీయా: హవాయి నోట మర్యమ్

పుట్టబోయే బిడ్డకు పేరు వెదికే దంపతులు నేడు పెద్దలను అడగడానికి ముందే ఫోనులో పేర్ల పట్టికలు తిరగేస్తున్నారు. వాటిలో ‘మలీయా’ అనే పేరు ఎదురవుతుంది. హవాయి దీవుల పేరనీ, ‘ప్రశాంత జలం’ అని అర్థమనీ రాసి ఉంటుంది. మొదటి మాట నిజమే. రెండవది మాటల పోలిక వల్ల వచ్చిన భ్రమ. ఆ భాషలో ‘మాలియె’ అంటే నిశ్చలం, ప్రశాంతం. అది వేరే పదం. మలీయా అంటే మర్యమ్.

1820లో అమెరికా క్రైస్తవ మిషనరీలు ఆ దీవులకు చేరారు. అక్కడి భాషను రోమన్ అక్షరాలలో పెట్టబోతే ర, ల ధ్వనులకు అక్కడివారు భేదం పాటించరని తెలిసింది. హోనోలులును ‘హోనోరురు’ అని రాసినవారూ ఉన్నారు. చివరకు 1826లో ‘ర’ను విడిచి ‘ల’ను నిలుపుకొన్నారు. అలా మరియా మలీయా అయింది. పైగా అక్కడ ప్రతి మాటా అచ్చుతోనే ముగియాలి. రెండు హల్లులు కలిసి రాకూడదు. అజంత భాష మాట్లాడే మనకు ఇది వింత కాదు. ఫకీరును పకీరుగా, మర్యమ్‌ను మరియమ్మగా పలికింది మన తెలుగు నోరే కదా!

హజ్రత్ మర్యమ్ (అలైహస్సలామ్) దివ్యఖురాన్‌లో పేరుతో ప్రస్తావించబడిన ఏకైక స్త్రీ. 19వ సూరాకు ఆమె పేరే ఉంది. ఆ పేరు పెట్టినది ఆమె తల్లి అని సూరా ఆలి ఇమ్రాన్ తెలుపుతుంది.

అయితే హవాయిలో ఈ పేరు వ్యాపించిన తీరులో కొంత బాధ కూడా ఉంది. పూర్వం అక్కడ పేరంటే వంశం ఇచ్చిన ఆస్తి. పెద్దలకు కలలో వినవచ్చిన పేరును బిడ్డకు పెట్టకపోతే కీడు కలుగుతుందని నమ్మేవారు. ఆడ, మగ పేర్లన్న విభజన అంతగా లేదు. 1860లో నాలుగవ కమేహమేహా రాజు కాలంలో వచ్చిన చట్టం తండ్రి పేరు ఇంటిపేరు కావాలనీ, బిడ్డకు ఆడ మగ తేడా తెలిసే క్రైస్తవ పేరు ఉండాలనీ శాసించింది. తాతముత్తాతల పేర్లు నడిమి పేర్లుగా ఒదిగిపోయాయి. ఆ చట్టం 1967 వరకు రద్దు కాలేదు! ఇంత జరిగినా మలీయాను హవాయి ప్రజలు తమ పేరుగానే చేసుకున్నారు. హోనోలులులో పుట్టిన బరాక్ ఒబామా 1998లో జన్మించిన తన పెద్ద కుమార్తెకు పెట్టినదీ ఈ పేరే.

మన ఇంట పెట్టుకోవచ్చునా అంటే, అర్థంలో దోషమేమీ లేదు. ఉచ్చారణలోనే జాగ్రత్త అవసరం. హవాయివారు ‘లీ’ని ఒత్తి పలుకుతారు. మొదటి అక్షరాన్ని దీర్ఘం చేసి ‘మాలియా’ అన్నారో, ఉర్దూ తెలిసిన నానీమాకు భూమిశిస్తు గుర్తుకు వస్తుంది! అరబ్బీ ‘మలీహా’ (సొగసైనది), ‘ఆలియా’ (ఉన్నతమైనది) వేరే పేర్లు. వాటితో దీనికి చుట్టరికం లేదు.

నన్నడిగితే మర్యమ్ అనే పెట్టమంటాను. విదేశాలలో ఉన్న మన పిల్లలకు అక్కడివారి నోరు తిరిగే పేరు కావాలని కొందరు తల్లులు అంటారు. మర్యమ్ పలకడానికి కష్టపడే దేశం ఏదో నాకు తోచడం లేదు. ముద్దుగా మలీయా అని పిలుచుకోవడానికి ఇంట్లో అడ్డెవరు?