ప్రచారం తేలిక.. ఫలితం బరువు

శ్రీకాకుళం: జిల్లా పోటీల్లో ఒక బాలిక మెరిస్తే చాలు.. మర్నాటికే కూడలిలో ఫ్లెక్సీ వెలుస్తోంది. ‘భావి ఒలింపియన్’ అన్న బిరుదు వచ్చి చేరుతోంది. ఆ బిరుదును నిలబెట్టుకునేది మాత్రం కొందరే. క్రీడా జీవితంలో ఏ నిర్ణయం ప్రచారం కోసం, ఏది ఫలితం కోసం అన్న ప్రశ్నకు ఆమదాలవలస సమీపంలోని ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి ప్రస్థానమే సమాధానం.

పేరొచ్చిన విభాగాన్ని వదిలి..

మల్లీశ్వరి 1994, 1995 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లలో 54 కిలోల విభాగంలో విజేతగా నిలిచారు. అప్పటికి ఒలింపిక్స్‌లో మహిళల వెయిట్‌లిఫ్టింగ్‌కు చోటే లేదు. 2000లో సిడ్నీలో తొలిసారి చేర్చారు. ఈలోగా ఆమె పై విభాగాలకు మారారు. 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో 63 కిలోల విభాగంలో రజతం సాధించి, సిడ్నీలో 69 కిలోల విభాగంలో బరిలోకి దిగారు. పూర్వపు పటిమ లేదని, ఎంపికే తప్పని విమర్శలు చెలరేగాయి. ఆమె స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తారు. స్వర్ణ, రజత విజేతలు ఎత్తినది 242.5 కిలోలు. స్వర్ణం కోసం చివరి యత్నంలో 137.5 కిలోలకు సాహసించి విఫలమైనా, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళగా చరిత్రకెక్కారు. 2004 ఏథెన్స్‌కు కొండంత కీర్తితో వెళ్లినా పోటీని పూర్తి చేయలేకపోయారు. ఎంత పేరున్నా బరువు తగ్గదు.

కెమెరాలు వెళ్లాక వచ్చిన రజతం

విజయనగరం జిల్లా కొండవెలగాడకు చెందిన మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో మూడో స్థానంలో నిలిచారు. పదహారేళ్లకే స్వర్ణమంటూ మారుమోగిన నైజీరియా క్రీడాకారిణి డోపింగ్‌లో దొరికిపోవడంతో సంతోషి కాంస్యం రజతమైంది.

ఇప్పుడు తేల్చుకోవాల్సింది..

2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో మహిళలకు అతి తక్కువ విభాగం 53 కిలోలు. టోక్యోలో మీరాబాయి చాను రజతం గెలిచిన 49 కిలోల విభాగం లేదు. ఆ లోపు బరువున్న బాలికలు క్రమంగా కండ పెంచుకుని పైకి వెళ్లాలి. పోటీ తక్కువని ఎదిగే వయసులో కడుపు మాడ్చి కింది విభాగంలో నిలబెడితే పతకం, ఫొటో రావచ్చు. భవిష్యత్తు మాత్రం కుంగుతుంది.

మల్లీశ్వరి శిక్షణ అకాడమీ నేడు హరియాణాలోని యమునానగర్‌లో ఉంది. ఆమెను కన్న గడ్డకు మిగిలింది గర్వమే. సన్మానానికి శాలువా సరిపోతుంది. పతకానికి మంచి బార్, ప్లేట్లు, శిక్షకుడు, రోజూ పాలు, గుడ్లు కావాలి. అందుకే తల్లిదండ్రులు అడగవలసింది పత్రికలో ఫొటో ఎంత పెద్దదని కాదు, ఏడాదిలో పిల్ల ఎత్తే బరువు ఎన్ని కిలోలు పెరిగిందని.