షూమన్‌కు చేతకాకనా?

సంపాదకులకు,

గత సంచికలో షూమన్ సింఫనీల రికార్డింగుల మీద రాసిన సమీక్షకులు, ఆయనకు ఆర్కెస్ట్రాకు రాయడం చేతకాదన్న పాత పాటే పాడారు. మాలర్ నాలుగింటినీ సవరించాడు, జార్జ్ సెల్ కూడా క్లీవ్‌లాండ్ రికార్డింగుల్లో మార్పులు చేశాడు, నిజమే. కానీ 1972లో సవాలిష్ డ్రెస్డెన్ స్టాట్స్‌కపెల్లెతో చేసినవి వినమనండి. రెండో సింఫనీ స్కెర్ట్సోలో వయొలిన్లు అంత వేగంగా పరుగెత్తినా ఒక్క స్వరం అలుక్కుపోదు.

ఇక నాలుగోదానికి 1841 నాటి పలుచని తొలి రూపం ఉంది. ఒకే స్వరాన్ని రెండు మూడు వాద్యాలకిచ్చి 1851లో దాన్ని చిక్కబరిచింది షూమనే, అదీ కావాలనే. బ్రామ్స్‌కు మాత్రం పాతదే నచ్చింది; క్లారా వద్దన్నా 1891లో అచ్చు వేయించాడు. గార్డినర్ తన సెట్టులో రెండూ పెట్టాడు. అవి పక్కపక్కన వినకుండానే తీర్పా? డ్రెస్డెన్ సెట్టు గురించి సమీక్షలో ఒక్క ముక్కా లేదేం?

— ఒక పాఠకుడు, విజయవాడ