బాటకూ ఒక హక్కుంది

అర్ధరాత్రి వేళ విజయవాడ బీఆర్‌టీఎస్ రోడ్డు పరిసరాల్లో నివసించేవారికి ఆ శబ్దం కొత్తది కాదు. సైలెన్సర్ మార్చిన బైకు ఒకటి ఉరుముతూ పోతుంది. దాని వెనుకే మరొకటి. కార్లున్న యువకులకు ఖాళీ ఫ్లైఓవరో, కృష్ణ కరకట్టో పందెపు బరి అవుతుంది.

వారిలో మన బిడ్డలు లేరని గుండెమీద చెయ్యి వేసుకొని చెప్పగలమా? హైదరాబాదులో షబె బరాత్, షబె ఖద్ర్ వచ్చాయంటే ట్రాఫిక్ పోలీసులు ఫ్లైఓవర్లు మూసివేయడం ఆనవాయితీగా మారింది. మన్నింపు వేడుకుంటూ మేల్కొనవలసిన రాత్రి మన పిల్లలకు భయపడి వంతెనలు మూయవలసి రావడం మనకు సిగ్గుచేటు కాదా?

వేగం రెట్టింపైతే ప్రమాదమూ రెట్టింపే అని యువకులు భావిస్తారు. లెక్క అది కాదు. గంటకు 60 కి.మీ. వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు సాగుతుంది. 120లో 33 మీటర్లు. బ్రేకు వేశాక ఆగడానికి పట్టే దూరం మాత్రం నాలుగు రెట్లవుతుంది. కోతల కాలంలో డెల్టా రోడ్లపై ఒక పక్క ధాన్యం ఆరబోసి ఉంటుంది. దాని దగ్గరే రైతు కునుకు తీస్తుంటాడు. తెల్లవారుజామున పాలవాడి సైకిలు, ఫజ్ర్ నమాజుకు నడిచివెళ్లే వృద్ధుడు అదే దారిన వస్తారు. వీరెవరూ పందెం కాయలేదు. మూల్యం మాత్రం వీరు చెల్లించవలసి రావచ్చు.

2011 సెప్టెంబరులో హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డుపై 1000 సీసీ బైకు ప్రమాదానికి గురై, క్రికెట్ మాజీ కెప్టెన్ అజహరుద్దీన్ 19 ఏళ్ల కుమారుడూ, వెంట ఉన్న బంధువుల అబ్బాయీ మరణించారు. పేరు, సంపద ఏవీ అడ్డుపడలేదు.

మరి ఇస్లాం పోటీని నిషేధించిందా? లేదు. దైవప్రవక్త (స) మదీనాలో స్వయంగా గుర్రపు పందేలు ఏర్పాటు చేశారు. తర్ఫీదు పొందిన గుర్రాలకు హఫ్యా నుంచి సనియ్యతుల్ వదా వరకు, తర్ఫీదు లేనివాటికి అక్కడి నుంచి బనూ జురైఖ్ మస్జిదు వరకు హద్దు నిర్ణయించారు. యువకుడైన అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) కూడా పాల్గొన్నట్లు బుఖారీ హదీసు గ్రంథం తెలుపుతోంది. మొదలూ తుదీ ముందే తెలుసు. సత్తువను బట్టి దూరం. అదే ప్రవక్త (స) బాట పక్కన కూర్చునేవారిని సైతం బాట హక్కు చెల్లించమన్నారు. ఇతరులకు బాధ కలిగించకపోవడం ఆ హక్కుల్లో ఒకటి. కూర్చున్నవానికే అంత బాధ్యత ఉంటే, దూసుకుపోయేవానికి ఎంత ఉండాలి?

దేశ చట్టమూ ఉపేక్షించదు. అనుమతి లేకుండా రహదారిపై పందెం వేస్తే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద మొదటిసారి 3 నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మైనరు నేరం చేస్తే 199ఎ సెక్షన్ ప్రకారం సంరక్షకుడు లేక వాహన యజమాని దోషి అవుతాడు: 3 సంవత్సరాల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. ఆ పిల్లవానికి 25 ఏళ్లు వచ్చేవరకు లైసెన్సు దక్కదు.

కనుక ప్రశ్న ఇంటివైపే తిరుగుతుంది. “అమ్మీ, దోస్తులందరికీ ఉంది” అన్న ఒక్క మాటకు కరిగి, గల్ఫులో తండ్రి చెమటోడ్చి పంపిన సొమ్ముతో బండి కొనిస్తున్నాము. లైసెన్సు లేనివానికి తాళంచెవి ఇవ్వకూడదు. రాత్రి ఎక్కడికి, ఎవరితో వెళ్తున్నాడో అడగాలి. సైలెన్సర్ మారిస్తే అబ్బా స్వయంగా మెకానిక్ వద్దకు తీసుకెళ్లి పాతది బిగించాలి. యంత్రాలపై నిజమైన మోజు ఉంటే మన ఆటోనగర్‌లో పని నేర్పించవచ్చు. పోటీయే కావాలంటే చెన్నై సమీపంలోని ఇరుంగాట్టుకోట్టైలో దానికోసమే కట్టిన ట్రాకు ఉంది.

కొడుకు వచ్చేవరకు కునుకు పట్టని తల్లి మన ఇంట్లోనే కాదు, ఆ దారిన నడిచే ప్రతి మనిషి ఇంట్లోనూ ఉంటుంది. తాళంచెవి అందించే ముందు ఆ తల్లిని కూడా తలచుకుందాము.