చిత్రముల జన్మస్థానము

ద్రోణవధ కథ నెఱుగని తెలుగు పాఠకుడు అరుదు. ధర్మరాజు పలికిన వాక్యములో కల్ల ఒక్కటియు లేదు. చచ్చినది ఏనుగని ఆయన చెప్పనే చెప్పెను. కాని ఆ యొక్క మాటను గురువునకు వినబడకుండ చెప్పెను. వినబడని ఆ పదముచేత ద్రోణుడు శస్త్రసన్యాసము చేసెను. అంతవఱకు నేలకు నాలుగంగుళముల యెత్తున నడచిన ధర్మజుని రథము నేలను దాకెను. వాక్యమును మార్చకయే, అందలి యొక పదమును అణచివేసి సత్యమును అసత్యముగా చేయవచ్చునను ఆ నీతి నేడొక క్రొత్త వినోదమునకు వర్తించుచున్నది. విమానచోదనమును అనుకరించు సిమ్యులేటరులలో సైనిక రవాణావిమానములను నడపి, ఆ దృశ్యములను స్క్రీన్‌షాటులుగా పట్టి, దిద్ది, లోకమునకు పంచుటయే ఆ వినోదము.

దీనిని నిందించుట మా యుద్దేశము కాదు. నేలపై కూర్చుండి విమానచోదనము నేర్చుకొను యంత్రములు మహోపకారము చేసినవి. 1929 ప్రాంతమున ఎడ్విన్ లింక్ అను అమెరికావాసి అట్టి శిక్షణయంత్రమును నిర్మించెను. 1934 లో అమెరికా సైన్యము తపాలా విమానములను నడపబూని, మబ్బులలోను మంచులోను పలువురు చోదకులను కోల్పోయిన పిదపగాని దాని విలువను గుర్తింపలేదు. 1982 లో మైక్రోసాఫ్ట్ సంస్థవారి ఫ్లైట్ సిమ్యులేటరు ఆ విద్యను ఇంటి కంప్యూటరులోనికి తెచ్చెను. 2020 నాటి కూర్పు ఉపగ్రహచిత్రముల సాయమున భూగోళము నంతయు తెరపై పఱచెను. నేడొక సామాన్య గృహస్థుని కుమారుడు తన గదిలోనే కూర్చుండి, 1954 లో మొదటిసారి ఎగిరిన సి-130 హెర్క్యులిస్ వంటి విమానము మట్టినేలపై ఎట్లు దిగునో, బరువు పెరిగినకొలది ఎంత పరుగు కావలయునో తెలిసికొనవచ్చును. ఆ జాతిలో నేటి రకమగు సి-130జె విమానపు తోకభాగములు హైదరాబాదు చెంతనున్న ఆదిభట్లలో తయారగుచున్నవి. అట్టి విమానములందు మన యువకులకు ప్రీతి కలుగుట శుభమే.

స్క్రీన్‌షాటును దిద్దుటయు తప్పు కాదు. ఉదయపుటెండను కొంచెము పెంచుట, నీడలను లోతుచేయుట, రంగులను సరిపుచ్చుట, అడ్డము వచ్చు అంకెలను తుడుచుట—ఇవి చిత్రకారుని పనులు. ధూళి లేపుచు కొండలనడుమ దిగుచున్న మహావిమానమును అందముగ చూపినవాడు ప్రశంసార్హుడు. కాని దిద్దుబాటు రెండు విధములు. చిత్రమును అందగింపజేయునది యొకటి. చిత్రముయొక్క పుట్టుకను దాచునది మఱియొకటి. కెమెరా చేతిలో వణకినట్లు మసకచేసి, చీకటిని క్రమ్మించి, సిమ్యులేటరు గుర్తులను చెరిపి, క్రింద ఒక నిజమైన ఊరిపేరును నిజమైన తేదీని వ్రాసినచో ఆ చిత్రము సాక్ష్యముగా మారును. అదియు కూటసాక్ష్యముగా మారును.

సైనిక రవాణావిమానము విషయమున ఈ భేదము మఱింత ముఖ్యము. అది దిగినచోట ఏదో జరుగబోవుచున్నదని అర్థము. బలగములను దింపునది అదియే. వరదబాధితులకు ఆహారమును తెచ్చునది అదియే. ఆపదలోనున్నవారిని తరలించునదియు అదియే. 2021 ఆగస్టు 15 న కాబూలునుండి బయలుదేరిన అమెరికావారి సి-17 విమానములో నేలపై కిక్కిరిసి కూర్చున్న జనుల ఛాయాచిత్రము లోకమును కదిలించెను. అందలి జనసంఖ్య మొదట 640 అని చెప్పబడి, పిదప 823 అని సవరింపబడెను. సంఖ్య మారినను చిత్రము నిలిచెను. ఏలయన అది ఎచట, ఎన్నడు, ఏ విమానములో తీయబడినదో స్పష్టము. పుట్టుక తెలిసిన చిత్రము పొరపాటును తట్టుకొనగలదు.

పుట్టుక దాగిన చిత్రముగతి వేఱు. 2017 నవంబరులో రష్యా రక్షణమంత్రిత్వశాఖ కొన్ని చిత్రములను ప్రకటించి, సిరియాలో అమెరికా సేనలు ఇస్లామిక్ స్టేట్ మూకలకు అండగా నిలుచుచున్నవనుటకు అవి తిరుగులేని ఋజువులనెను. అందొకటి ఏసీ-130 గన్‌షిప్ సిమ్యులేటరు అను మొబైలు ఫోను ఆటయొక్క ప్రచారచిత్రములోనిదని వెంటనే బయటపడెను. ఏసీ-130 అనగా హెర్క్యులిస్ రవాణావిమానమునకే ఫిరంగులు అమర్చిన రూపము. ఇది ఇంకను నిర్మాణములోనున్న ఆటదృశ్యమని తెలుపు హెచ్చరిక ఆ ప్రచారచిత్రముపై ఉండెను. మంత్రిత్వశాఖవారి చిత్రములో అది చాలవఱకు కత్తిరింపబడి, కొన్ని మాటలు మాత్రము మిగిలెను. పిదప ఆ చిత్రములు తొలగింపబడెను. తప్పు ఒక పౌరోద్యోగిపై మోపబడెను. ఆటను చేసినవారు సత్యమును చెప్పియే యుండిరి. ధర్మరాజువలె గొంతు తగ్గించినది కత్తెర.

మన దేశమును ఈ దోషమునకు దూరము కాదు. 2021 సెప్టెంబరులో ఆర్మా 3 అను యుద్ధక్రీడలోని దృశ్యమును, ఆఫ్ఘనిస్థానమున పంజ్‌షీరు లోయపై జరిగిన దాడి యని మన టెలివిజను వార్తాసంస్థలు కొన్ని ప్రసారము చేసెను. ఆ క్రీడను నిర్మించిన చెక్ దేశపు బొహీమియా ఇంటరాక్టివ్ సంస్థ 2022 నవంబరులో ఒక ప్రకటన గావించి, ఒక దృశ్యమును తొలగించునంతలో పది పుట్టుచున్నవని వాపోయెను. దృశ్యములను పంచునపుడు ఇవి ఆటలోనివని స్పష్టముగ చెప్పుడని ఆటగాండ్రను వేడుకొనెను. కర్తలే ఇట్లు వేడుకొనుచుండ మనము ఉపేక్షించుట తగునా?

తగదనుటకు మాకు విశాఖపట్టణము గుర్తు వచ్చుచున్నది. 2016 జూలై 22 న తాంబరమునుండి పోర్ట్ బ్లెయిరునకు బయలుదేరిన మన వాయుసేన ఏఎన్-32 రవాణావిమానము బంగాళాఖాతముపై అదృశ్యమయ్యెను. అందు 29 మంది యుండిరి. వారిలో ఎనిమిదిమంది విశాఖలోని నౌకాదళ ఆయుధాగారమున పనిచేయువారు. శకలమైనను దొరకక దినములు, మాసములు, సంవత్సరములు గడచెను. తుదకు 2024 జనవరిలో, జాతీయ సముద్రసాంకేతిక సంస్థవారి యంత్రము చెన్నై తీరమునకు సుమారు 310 కిలోమీటరుల దూరమున, 3,400 మీటరుల లోతున తీసిన చిత్రములలో ఆ విమానపు శకలములు కనబడెనని రక్షణమంత్రిత్వశాఖ ప్రకటించెను. ఏడున్నరేండ్ల నిరీక్షణమునకు బదులు చెప్పినవి చిత్రములు.

ఆ యేడున్నరేండ్లలో ఏనాడైనను, సిమ్యులేటరులో కల్పించిన ఏఎన్-32 చిత్రమొకటి, ఏదో దీవి ఇసుకలో దిగినట్లు దిద్దబడి, ఊరుపేరు లేక ఆ యిండ్లలోని ఫోనులకు చేరియుండినచో ఏమగును? చేసినవానికి అది యొక సాయంకాలపు వినోదము. చూచిన తల్లికి అది మరల వెలిగిన దీపము; మఱునాడు మరల ఆరిపోవు దీపము. ఈ బాధకు ఏ న్యాయస్థానమును పరిహార మిప్పింపజాలదు.

చూచువానికి వివేకముండవలదా యని కొందఱందురు. ఉండవలయును, కాని వివేకము పనిచేయుటకు ఆధారము కావలయును. ఆధారమును చెరిపివేసి వివేకము లేదని నిందించుట, దీపమార్పి కన్ను కానరాదని పరిహసించుట వంటిది. ఇట్టి చిత్రములను నిషేధింపుడని మఱికొందఱందురు. అదియు మాకు సమ్మతము కాదు. వాక్స్వాతంత్ర్యమునకై చెఱసాలలకు పోయిన జాతి చిత్రకల్పనకు సంకెల వేయరాదు. పేరు వ్రాసినచో అందము చెడునని ఇంకొందఱందురు. చిత్రకారులు తరతరములుగా పటముమూలను సంతకము చేయుచునే యున్నారు. దానివలన ఏ పటమును వికారము కాలేదు.

కావున చేయవలసినది స్వల్పము. సిమ్యులేటరు పేరును చిత్రమునందే, కత్తెరకు సులభముగ చిక్కనిచోట వ్రాయవలయును. క్రింద వ్రాసిన వ్యాఖ్య చేతులు మారునపుడు రాలిపోవును. నిజముగ విమానము కూలిన దినములలో ఆ దృశ్యమును తెరపై కల్పించి పంచరాదు. నిజమైన దళముల గుర్తులుగల బొమ్మకు నిజమైన సంఘటన తేదీని తగిలింపరాదు. పత్రికలవారు, టెలివిజనువారు, ఎవరు తీసిరి, ఎచట తీసిరి, ఎన్నడు తీసిరి యని అడుగక ఏ చిత్రమును ప్రకటింపరాదు. ఈ నియమము మొదట మా వృత్తికే వర్తించునని ఒప్పుకొనుచున్నాము. పాఠకుడును ఇతరులకు పంపుటకు ముందు ఒక్క నిమిషమాగి ఆ ప్రశ్నలనే వేసికొనవలయును.

యువకులారా! మీ విమానములను నడపుడు, చిత్రములను దిద్దుడు, పదిమందికి చూపుడు. కాని చచ్చినది ఏనుగైనప్పుడు ఆ మాటను గొంతెత్తి చెప్పుడు.