అమెరికా అధ్యక్ష ఎన్నిక: అభ్యర్థుల బలాబలములు

అమెరికా సంయుక్త రాష్ట్రముల అధ్యక్ష పదవికి 2028 నవంబరు 7వ తేదీన ఎన్నిక జరుగవలసియున్నది. అభ్యర్థుల పేర్లు ఖాయము కాకమునుపే గెలుపెవరిదని పలుకుట, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమన్నట్లుండును. అయినను ఉభయపక్షముల బలమును తూచు పద్ధతి యెట్టిదో తెలిసికొనుట అకాలము కాదు.

కందకు లేని దురద కత్తిపీటకేల యని కొందరు సోదరులు ఆక్షేపింపవచ్చును. ఋషికుల్య మొగ చెంత వలలు లాగుకొను పొడంపేటకు వాషింగ్టనుతో పనియేమి? పని కలదు. తాబేళ్ళను తప్పించు సాధనము మరపడవల వలలకు లేదను కారణమున, భారతదేశపు సముద్రపు రొయ్యను కొనరాదని అమెరికా 2019లో నిషేధించెను. ఆ తాబేళ్ళు గ్రుడ్లు పెట్టునది మన యిసుక తిన్నెలమీదనే కదా! 2025 ఆగస్టు 27 నుండి మన దేశపు సరుకుపై సుంకము 50 శాతమునకు పెరిగినపుడు చెరువు రొయ్యల వర్తకము తల్లడిల్లినది. అచట పీఠమెక్కువారిని బట్టి ఇచట ధర మారుచుండగా మనము చెవులు మూసికొనుట తగదు.

వర్తకుడు సరుకు తూచుటకు ముందు తక్కెడను పరీక్షించును. ఎన్నికలందును మూడు ప్రశ్నలు ముందుగా వేసికొనవలెను.

మొదటిది: ఓట్లు ఎచ్చట లెక్కకు వచ్చును? అమెరికాలో దేశము మొత్తము మీద వచ్చిన ఓట్లు అధ్యక్షుని నిర్ణయింపవు. 538 మంది ప్రతినిధులలో 270 మందిని పొందినవాడే విజేత. 48 రాష్ట్రములందు ఒక్క ఓటు ఆధిక్యము వచ్చినను ఆ రాష్ట్ర ప్రతినిధులందరును అతనికే చెందుదురు. 2016లో హిలరీ క్లింటనుకు 28 లక్షలకు పైగా ఓట్లు అధికముగా వచ్చినను ట్రంపు గెలిచెను. 2024లో ట్రంపునకు 312, కమలా హారిసునకు 226 వచ్చెను. చూచుటకు ఇది ఘనవిజయము. కాని మిచిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియా అను మూడు రాష్ట్రముల ప్రతినిధులు 44 మంది. ఆ మూడింటను ట్రంపునకు కలిగిన ఆధిక్యము అన్నియు కలిపి సుమారు 2,30,000 ఓట్లు మాత్రమే. అవి ఇటు మొగ్గియుండిన యెడల హారిసునకు సరిగా 270 వచ్చియుండెడివి.

రెండవది: ఎవరిని అడిగి అంచనా వేసిరి? మన గంజాము మద్రాసునుండి విడివడి ఒరిస్సాలో చేరిన 1936వ సంవత్సరముననే, లిటరరీ డైజెస్ట్ అను అమెరికా పత్రిక కోటి మందికి పత్రములు పంపి, వచ్చిన ఇరువది లక్షలకు పైబడిన జాబులనుబట్టి లాండన్ గెలుచునని చాటినది. రూజ్వెల్టునకు 523, లాండనుకు 8 వచ్చెను. టెలిఫోనులు, మోటారుకార్లు గలవారి జాబితాలను ఆశ్రయించిన ఆ పత్రిక చెవిని పేదవాని మాట పడలేదు. 2024లో హారిసు మాతామహుని గ్రామమగు తులసేంద్రపురమునను, ఉపాధ్యక్షపదవికి నిలిచిన వాన్సు భార్య ఉషా చిలుకూరి పూర్వుల గ్రామమగు వడ్లూరునను పూజలు జరిగెను. అభిమానము సహజమే; అది అంచనా కాజాలదు.

మూడవది: తమవాడు గెలువలేనపుడు ఓటరు ఎవరిని కోరును? 2000లో ఫ్లోరిడా రాష్ట్రమున బుష్ ఆధిక్యము 537 ఓట్లు. మూడవ అభ్యర్థి నాదరునకు అచట వచ్చినవి 97 వేలకు పైగా. ఆ కొద్ది తేడాయే దేశాధ్యక్షుని నిర్ణయించెను. ఇట్టి ఉదాహరణము మనకును దూరము కాదు. బరంపురమున జన్మించిన వరాహగిరి వేంకటగిరిగారు 1969లో భారత రాష్ట్రపతి పదవికి స్వతంత్రులుగా నిలిచిరి. ప్రత్యర్థి కాంగ్రెసు అభ్యర్థి నీలం సంజీవరెడ్డిగారు, ఇరువురును తెలుగువారే. గెలుపునకు 418,169 వలయును. మొదటి లెక్కలో గిరిగారికి 401,515, రెడ్డిగారికి 313,548, దేశముఖుగారికి 112,769 వచ్చెను. రెండవ ప్రాధాన్యపు ఓట్లు చేర్చిన పిదప గిరిగారు 420,077 పొందగా రెడ్డిగారు 405,427 వరకు వచ్చిరి. ఎనుబదియేడువేల పైచిలుకు ఆధిక్యము 14,650కి తగ్గినది. మొదటి లెక్కనే నమ్మినవారికి ఈ సంగతి పాఠము.

ఈ మూడు రాళ్ళతో తూచినచో 2028 ఎన్నికను గూర్చి చెప్పదగినది కొంత కలదు. రాజ్యాంగము ప్రకారము ట్రంపు మూడవమారు ఎన్నిక కాజాలడు. 2016, 2020, 2024 సంవత్సరములలో ప్రతిసారియు అధికారమందున్న పక్షమే ఓడినది. ధరల భారము, ప్రజల అసంతృప్తి మరల అట్లే పనిచేసినయెడల డెమోక్రాట్లకు కొంత మొగ్గు కలుగవచ్చును. కాని 2024లో ట్రంపు గెలిచిన ఏడు పోటీ రాష్ట్రములలో కొన్నింటినైనను తిరిగి గెలువనిదే ఆ మొగ్గు ఫలింపదు. ఏ పక్షమునకును గెలుపు చేతిలో లేదనుటయే మా అభిప్రాయము.

కొద్దిమందిమైన మనకు ఇందలి నీతి విలువైనది. జనసంఖ్య చూచి మన ఓటు నిష్ప్రయోజనమని నిరాశపడువారు కలరు. పోటీ బిగువుగానున్న చోట కొద్దిమందియే తక్కెడను వంతురు. అయితే వారి పేర్లు జాబితాలో నుండవలెను. చేపలవేటకై పరరాష్ట్రములకు వలసపోయిన మన కుటుంబముల పేర్లు నిలిచియున్నవో లేదో సభ్యులు ఇంటింటికి వెళ్ళి విచారింపవలెను. రాజ్యాంగపు 350ఎ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పింపుమని ప్రభుత్వములను ఆదేశించుచున్నది. మన పిల్లలకు తెలుగు చెప్పు ఉపాధ్యాయుని తెత్తురా యని, గెలుచువానిననియే కాక, ఓట్లడుగ వచ్చిన ప్రతి అభ్యర్థిని ఒకే నోట ప్రశ్నింపుదము. సమాధానము విన్న పిమ్మటనే ఓటును తూచి వేయుదము.