గృహవైద్యము: కంటిరెప్పలు, కనుగుంటలు



కంటిజబ్బనగానే మనకు శుక్లములును చత్వారమును తోచును. కన్నును కాచు రెప్పలను గూర్చియు, గ్రుడ్డు నిలుచు ఎముకల గుంటను గూర్చియు ఆలోచించువారు తక్కువ. రెప్ప వాచినచో వేడిచేసినదనియు, వాలినచో నిద్ర చాలలేదనియు సరిపెట్టుకొందుము. ఇట్టివానిలో పెక్కు ఇంటనే నయమగును. కొన్ని మాత్రము ఒక్కదినపు ఆలస్యమునకే చూపును, ఒక్కొక్కయెడ ప్రాణమును హరించును. ఏది యెట్టిదో గుర్తెరుగుట ఇల్లాలికి ముఖ్యము గనుక ఈ మాసము దానినే వివరింతును.

మన పూర్వులు ఈ విషయమున ఏమరియుండలేదు. సుశ్రుతుడు 76 నేత్రరోగములను లెక్కించి, వానిలో 21 రెప్పలకు సంబంధించినవని వేరుపరచెను. మనము కంటికురుపు అనుదానిని ఆయన అంజననామిక యనెను. వెండ్రుకలు లోనికి తిరుగుటను పక్ష్మకోపమనెను.

కంటికురుపు రెప్ప యంచున, వెండ్రుక మొదటనుండు గ్రంథిలో చీము పట్టుటచే లేచును. అరచేత వ్రేలిని రాపాడించి ఆ వేడిని కురుపునకు అద్దు అలవాటు మన యిండ్లలో కలదు. వేడి మేలే గాని వ్రేలి మురికి కీడు. శుభ్రమైన గుడ్డను ఓర్చుకొనదగిన వేడినీట ముంచి, పిండి, మూసిన కంటిపై 10 నిమిషములు కాపవలెను. దినమునకు 3, 4 మారులు ఇట్లు చేసినచో సాధారణముగ ఒకటి రెండు వారములలో తగ్గును. కురుపును గిల్లి చీము తీయరాదు. అట్లు చేసిన విషము చుట్టుపట్ల కండకు ప్రాకవచ్చును. తగ్గువరకు కాటుక మానవలెను. మాటిమాటికి కురుపులు లేచుచున్నచో రక్తములో చక్కెరను పరీక్ష చేయించుకొనుడు.

నొప్పిలేక, బఠాణీగింజవలె రెప్పలో నిలిచిపోవు గడ్డ వేరొకటి కలదు. ఇదియు కాపడముతో కొన్ని వారములకు కరగవచ్చును. కరగనిచో వైద్యులు రెప్ప లోపలివైపునుండి చిన్న కోతతో తీసివేయుదురు. పైకి మచ్చ కనబడదు. అయితే పెద్దవయసువారికి ఒకేచోట తీసిన గడ్డ మరల మరల లేచినను, ఆచోట వెండ్రుకలు రాలిపోయినను, అది పుట్టకురుపు కావచ్చును. తీసిన ముక్కను తప్పక పరీక్షకు పంపుమని అడుగుడు.

కాటుకను గూర్చి ఒక మాట. ఒకే కాటుకపుల్లను ఇంటిల్లిపాదియు వాడుట, పురిటిబిడ్డ కన్నులకు వ్రేలితో దిద్దుట ఒకరి కలకను మరొకరికి అంటించు పనులు. అంగడిలో అమ్ము సుర్మాలు కొన్నింట సీసము కలదని పరీక్షలలో తేలినది. అది పసివారి మెదడునకు హాని. దిష్టికొరకే యైనచో బుగ్గపై చుక్క చాలును.

పసిబిడ్డ కంట ఎల్లప్పుడు నీరు కారుచు, పుసి కట్టుచున్నచో కన్నీరు ముక్కులోనికి దిగు నాళము ఇంకను తెరచుకొనలేదని యర్థము. వైద్యుడు చూపిన రీతిని, కంటి లోమూలనుండి ముక్కు ప్రక్కగా క్రిందికి మెల్లగా ఒత్తుచుండవలెను. పదింట తొమ్మిది పాళ్లు ఏడాది నిండులోపల తానే సర్దుకొనును.

రెప్ప వాలి పుట్టిన బిడ్డ సంగతి అట్లు కాదు. “పెద్దయినచో సరియగును” అను అవ్వల మాట ఇచట నమ్మరాదు. రెప్ప కంటిపాపను కప్పియున్నచో ఆ కంటితో చూచుట మెదడు నేర్చుకొనదు. ఆ నేర్పు పసితనముననే రావలెను. ఆ వయసు గడచిన పిమ్మట రెప్పను పైకెత్తినను చూపు పూర్తిగా రాదు. బిడ్డ గడ్డము పైకెత్తి చూచుచున్నను, నొసలు ముడిచి రెప్ప నెత్తజూచుచున్నను వెంటనే నేత్రవైద్యునికి చూపుడు.

పెద్దవారికి రెప్ప హఠాత్తుగా వాలి, తలనొప్పియో, ఒకటి రెండుగా కనబడుటయో కలిగినచో అదేదినమున ఆసుపత్రికి పోవలెను. అది తలలోని నరముల జబ్బునకు సూచన కావచ్చును.

ముసలివారికి వెండ్రుకలు లోనికి తిరిగి నల్లగ్రుడ్డును గీకుచుండుట కలదు. పట్టుకారుతో పెరుకుట కొన్నివారముల ఉపశమనమే. అవి మరల మొలచి గీకును. నల్లగ్రుడ్డుపై పువ్వు కట్టును. రెప్పను సరిచేయు శస్త్రము చిన్నదే.

ఇక కనుగుంట. ముక్కు ప్రక్కల సైనసులనెడి గాలిగదులకును కనుగుంటకును నడుమ కాగితమువంటి ఎముక మాత్రమే అడ్డము. అందువలన పడిసెము ముదిరిన పిల్లవానికి ఆ విషము కనుగుంటలోనికి దిగవచ్చును. జ్వరముతో రెప్ప ఎర్రగా వాచుట, గ్రుడ్డు ముందుకు పొడుచుకొని వచ్చుట, కన్ను త్రిప్పినచో నొప్పి, చూపు తగ్గుట దీని గుర్తులు. ఇందుకు కంటిచుక్కలు చాలవు. ఆసుపత్రిలో చేర్చి సూదిమందు లీయవలెను. మందులషాపువాడు ఇచ్చు చుక్కలను తెలియక వాడవద్దు. స్టెరాయిడు కలిసినవైనచో జబ్బును కప్పిపుచ్చి లోలోపల పెంచును.

2021లో ఈ సంగతి మన యింటిముంగిటికే వచ్చినది. కరోనా రెండవ ఉప్పెనలో బ్లాక్ ఫంగస్ అను బూజుజబ్బు ముక్కున ప్రవేశించి, సైనసులలో వ్యాపించి, కనుగుంటను చేరి అనేకుల కన్నులను తీసినది. ఆ యేడు మే నెలలో తెలంగాణ ప్రభుత్వము దీనిని తప్పక తెలియపరచవలసిన వ్యాధిగా ప్రకటించెను. 2003లో పాత కారాగారపు స్థలమునకు తరలివచ్చిన మన ముషీరాబాదు గాంధీ ఆసుపత్రియందును, కోఠిలోని చెవి ముక్కు గొంతు ఆసుపత్రియందును దీనికి చికిత్స జరిగినది. యాంఫోటెరిసిన్ అను మందు, కుళ్లిన భాగమును తీయు శస్త్రము దీనికి చికిత్సలు. ప్రాణము దక్కించుటకై కొందరికి గ్రుడ్డునే తీయవలసివచ్చినది.

ఈ జబ్బు ఒకరినుండి మరొకరికి అంటదు. మధుమేహము అదుపు తప్పినవారిని, స్టెరాయిడులు వాడినవారిని ఎక్కువగా పట్టును. కరోనా లేని దినములలోను అరుదుగా కానవచ్చును. చెంప నొప్పియో తిమ్మిరియో, ముక్కున నల్లని స్రావము, ఒక రెప్ప వాచుట కలిగిన మధుమేహరోగి రేపు చూతమనుకొనరాదు.

ఇచటనే మన స్త్రీల యలవాటు భయము గొలుపుచున్నది. మగనికి మాత్ర అందించు ఇల్లాలు తన చక్కెర పరీక్షను పండుగ తరువాతకు, ఆపై పిల్లల పరీక్షల తరువాతకు త్రోయును. కన్ను వాచినను వంట ముగించి పడుకొనును. థైరాయిడు జబ్బుచే కన్నులు ముందుకు వచ్చుట కూడ పురుషులకంటె స్త్రీలకే ఎక్కువ. అదియు సొగసునకు కలిగిన లోపమని ఓర్చుకొని, నరము నలిగి చూపు మందగించువరకు చెప్పనివారు కలరు.

రెప్పలకును కనుగుంటలకును శస్త్రచికిత్స చేయు వైద్యులు మన నగరముననే యున్నారు. మెహిదీపట్నము చెంత ప్రభుత్వ సరోజినీదేవి కంటి ఆసుపత్రి కలదు. బంజారాహిల్సున 1987లో ఆరంభమైన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థ కలదు. చిక్కడపల్లినుండియు నారాయణగూడనుండియు ఇవి ఒక్కపూటలో పోయి రాదగిన దూరములే.

జ్వరము, గ్రుడ్డు పొడుచుకొని వచ్చుట, చూపు తగ్గుట, వస్తువులు రెండుగా కనబడుట, ముఖము తిమ్మిరి: ఈ అయిదింటిలో ఒక్కటి లేకయున్నచో వేడిగుడ్డతో కొన్నిదినములు చూడవచ్చును. ఒక్కటి యున్నను పొయ్యి ఆర్పి బయలుదేరుడు. ఇంటిలో మరొకరికైనచో మీరు ఎట్లు పరుగిడుదురో, మీకైనప్పుడును అట్లే చేయుడు.