పసుపు దీపం వెలిగినప్పుడు

కొత్త కార్లలో స్టీరింగు వెనక, మీటర్ల మధ్య చిన్న పసుపు గుర్తు ఒకటి ఉంటుంది. గుర్రపు నాడా ఆకారంలో వంగి, నడుమ ఆశ్చర్యార్థకంతో కనిపిస్తుంది. టైరులో గాలి తగ్గిందని చెప్పడం దాని పని. అది వెలుగుతూనే ఉన్నా నిశ్చింతగా సాగిపోయే కార్లు మన రోడ్ల మీద తక్కువేమీ లేవు. 'గాలి బాగానే ఉందండీ, సెన్సరే పాడైంది' అంటారు నడిపేవారు. ఆ మాట నిజమయ్యే సందర్భాలూ ఉన్నాయి. చిక్కంతా అక్కడే. పాడైన సెన్సర్ వెలిగించిన దీపాన్ని రోజూ చూసీ చూసీ కన్ను అలవాటు పడిపోతే, నిజంగా గాలి దిగిన రోజున ఆ దీపం ఎవరికీ ఆనదు. 'నాన్నా పులి' కథ మనకు కొత్తదా?

ఈ దీపం ఊరికే రాలేదు. అమెరికాలో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లకు వేసిన ఫైర్‌స్టోన్ టైర్లు పరుగులో ఉండగానే పై పొర ఊడిపోయి, బండ్లు పల్టీలు కొట్టి, వందమందికి పైగా ప్రాణాలు పోయాయి. 2000 ఆగస్టులో లక్షల టైర్లను కంపెనీ వెనక్కి పిలిపించింది. ఆ ఏడాది నవంబరులోనే ట్రెడ్ చట్టం వచ్చింది. ఆ చట్టం కింద, ఉండాల్సిన దానికన్నా గాలి 25 శాతం తగ్గేసరికి డ్రైవరును హెచ్చరించే ఏర్పాటు, 2007 సెప్టెంబరు నుంచి అక్కడి కొత్త కార్లన్నింటికీ తప్పనిసరి అయింది. 2014 నవంబరుకల్లా ఐరోపా కూడా అదే దారి పట్టింది. 1986లో పోర్షే 959లాంటి ఖరీదైన కారులో మొదలైన వసతి ఇలా మామూలు కుటుంబాల కారులోకి దిగివచ్చింది.

మన దేశంలో ఈ దీపం మీద భారం ఇంకాస్త ఎక్కువ. 2020లో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలను సవరించింది. ట్యూబ్‌లెస్ టైర్లు, పంచరు కిట్టు, గాలిని కనిపెట్టి ఉండే ఈ వ్యవస్థ... మూడూ ఉన్న కార్లకు స్టెప్నీ అక్కర్లేదంది. డిక్కీలో అయిదో చక్రం మోసే బరువు తగ్గింది, మంచిదే. కానీ శ్రీశైలం ఘాట్‌రోడ్డులో చీకటిపడ్డాక టైరు దిగిపోతే, స్టెప్నీ లేని ఆ కుటుంబానికి ముందుగా కబురందించాల్సింది ఆ సెన్సరే. స్టెప్నీ స్థానంలో నిలబెట్టినప్పుడు దాని మంచిచెడ్డలు కూడా చూసుకోవాలి కదా.

కొన్ని కార్లలో చక్రంలో సెన్సర్ ఉండదు. గాలి తగ్గిన చక్రం మిగతావాటికన్నా కాస్త వేగంగా తిరుగుతుంది కాబట్టి, ఆ తేడాను బ్రేకుల కోసం పెట్టిన ఏబీఎస్ సాయంతో కంప్యూటరే పసిగడుతుంది. మిగతా కార్లలో ప్రతి చక్రం లోపలా, వాల్వు మొదలుకు అతుక్కుని ఒక చిన్న డబ్బా ఉంటుంది. పీడనాన్ని కొలిచి రేడియో సంకేతంగా పంపుతుంది. దాని బ్యాటరీని లోపలే సీలు వేసేస్తారు. అయిదు నుంచి పదేళ్లు పనిచేసి ఆగిపోతుంది. బ్యాటరీ ఒక్కటే మార్చే వీలుండదు, సెన్సరే మార్చాలి. పాత కారు కొనేటప్పుడు ఇంజను, క్లచ్చు చూసినట్టే దీన్నీ అడిగి చూడాలి. చదువుకోడానికి అమెరికా వెళ్లి పదేళ్ల కారు కొనుక్కునే మన పిల్లలకు ఈ మాట మరీ అవసరం.

అయితే బ్యాటరీకన్నా ముందు, చాలా తక్కువ ఖర్చుతో పోయేచోట చెడేది వాల్వు. సెన్సర్ వాల్వుల్లో రబ్బరువీ ఉన్నాయి, అల్యూమినియంవీ ఉన్నాయి. లోహపు వాల్వు చూడ్డానికి గట్టిగానే ఉంటుంది. దాని లోపల గాలిని ఆపే పిన్ను మాత్రం నికెల్ పూత ఉన్నదే అయ్యుండాలి. పంచరు షాపులో అందరి టైర్లకూ వేసే ఇత్తడి పిన్ను వేస్తే, తడి తగిలినప్పుడల్లా రెండు లోహాల మధ్య రసాయన చర్య మొదలవుతుంది. అల్యూమినియం తెల్లటి పొడిగా మారి తరిగిపోతుంది. విశాఖ, కాకినాడ సముద్రపు గాలిలోని ఉప్పు, అమెరికాలో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు ఆ పనిని ఇంకా తొందరచేస్తాయి. అందానికని తగిలించే ఇత్తడి క్యాపులదీ ఇదే వరస. కొన్నాళ్లకు క్యాపు వాల్వుకు పట్టేస్తుంది. గాలి పట్టించుకుందామని వస్తే చేతికి తిరగదు. పట్టకారు పెట్టి తిప్పితే క్యాపుతోపాటు వాల్వే విరిగి చేతికొస్తుంది. మరుక్షణం టైరు నేల కరుస్తుంది.

గాలి నెమ్మదిగా పోతున్నప్పుడు అనుభవమున్న మెకానిక్ చేసే పని చూడ ముచ్చటగా ఉంటుంది. ముందు క్యాపు తీసి, తడి వేలిని పిన్ను మీద ఆనిస్తాడు. బుడగ రాకపోతే, వాల్వు రిమ్ములోకి దిగేచోట సబ్బునీళ్లు పోసి వంగి చూస్తాడు. కాసేపటికి అక్కడ ఆవగింజంత బుడగ పుడుతుంది, ఉబ్బి పగులుతుంది, మళ్లీ పుడుతుంది. అక్కడి రబ్బరు వాషరు ఎండిపోయిందన్నమాట. పిన్ను, క్యాపు, నట్టు, వాషరు కలిపి సర్వీసు కిట్టుగా దొరుకుతాయి. వందల్లో పోయే ఖర్చు. ఆ సంగతి తెలియక, 'సెన్సర్ మార్చాల్సిందే' అన్న మాటకు తలూపి వేలు పోసేవాళ్లు ఎందరో.

ఇందులో మెకానిక్‌ను తప్పుపట్టడం న్యాయం కాదు. టైరును రిమ్ము నుంచి విడదీసే మిషను పలక సరిగ్గా వాల్వు దగ్గర పడితే లోపలి సెన్సర్ పగిలిపోతుందని అతనికి ఎవరు చెప్పారు? ఏ కారులో సెన్సర్ ఉందో పైకి చూసి చెప్పడం ఎప్పుడూ సాధ్యం కాదు. పగిలితే మాత్రం కారు యజమాని ముందు దోషిగా నిలబడేది అతనే, ఆ రోజు సంపాదనంతా పోగొట్టుకునేదీ అతనే. కార్ల కంపెనీలు పట్నంలోని తమ వర్క్‌షాపుల వారికి ఇచ్చే శిక్షణలో పదో వంతు హైవే పక్కన రేకుల షెడ్లకు అందించినా ఈ నష్టం చాలామటుకు తప్పుతుంది. వాల్వును, వాషర్లను సెన్సర్‌తో పని లేకుండా విడిగా, చిన్న ఊళ్లలో కూడా దొరికేలా అమ్మాలి. చిన్న రబ్బరు ముక్క దొరక్క సెన్సరంతా మార్పించడం కొనుక్కున్నవారికి అన్యాయమే.

దీపం చెప్పేది రెండు రకాలని కూడా చాలామందికి తెలియదు. బండి స్టార్టు చేయగానే అది నిమిషంపాటు మినుకుమినుకుమని, ఆ తర్వాత నిలకడగా వెలిగితే జబ్బు సెన్సర్‌లో ఉన్నట్టు. మినుకుమనకుండా నేరుగా వెలిగితే గాలే తగ్గినట్టు. అరకు, ఆదిలాబాదు చలికాలపు ఉదయాల్లో గాలి ఎక్కడా పోకుండానే దీపం వెలగవచ్చు. ఉష్ణోగ్రత ఆరు డిగ్రీలు పడితే పీడనం ఒక పీఎస్‌ఐ వరకూ తగ్గుతుంది. ఎండాకాలంలో దూరం నడిచి వేడెక్కిన టైరులో పీడనం పెరిగి కనిపించిందని గాలి తీసేయడం ఇంకో పొరపాటు. చల్లారాక ఆ టైరు ఉండాల్సిన దానికన్నా మెత్తబడిపోతుంది. పొద్దున్నే, బండి కదలకముందు చూసిన కొలతే లెక్క. పెట్రోలు బంకులో గాలి ఉచితంగా పట్టాలన్నది నిబంధన. అడిగి పట్టించుకోవడానికి మొహమాటపడనక్కర్లేదు.

పంచరు కిట్టులోని జిగురు ద్రవం వాల్వు గుండానే లోపలికి వెళుతుంది. కొన్ని ద్రవాలు సెన్సర్ రంధ్రాన్ని మూసేస్తాయి. స్టెప్నీ లేని కారులో ఆపద గట్టెక్కించే కిట్టే సెన్సర్‌కు ఎసరు పెట్టకుండా ఉండాలంటే, తొందరలోనే టైరు విప్పించి లోపల శుభ్రం చేయించాలి. క్యాపు స్థానంలో బిగించే చవకరకం సెన్సర్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. రబ్బరు వాల్వు కొస మీద ఆ బరువు పడి, చక్రం వేగంగా తిరిగేటప్పుడు వాల్వు వంగి మొదట్లో పగుళ్లు తెస్తుంది.

దీపం మీద నల్ల టేపు అంటించేవాళ్లూ ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఈసారి టైరు విప్పించేటప్పుడు, మిషను మీదికి ఎక్కించకముందే 'లోపల సెన్సర్ ఉంది, చూసుకో తమ్ముడూ' అని ఒక్క మాట చెప్పండి. పిన్ను, వాషరు కొత్తవి వేయించండి. క్యాపు ప్లాస్టిక్‌దే పెట్టించండి.